మేడ్చల్ ఎండ, మూడు చేపలు

మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. నిన్నగాక మొన్న స్లాబు వేశారు. దాని మీద గోనెపట్టాలు పరిచి పొద్దుటా సాయంత్రం పైపుతో నీళ్లు కొడుతున్నారు. మిట్టమధ్యాహ్నం గాలి ఇటు తిరిగినప్పుడు ఆ తడి గోనె వాసన మా వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తుంది. జనపనార, మట్టి, కాస్త ముక్క వాసన కలిసి ఉంటుంది. అందరికీ నచ్చే వాసనేం కాదు. మావారైతే కిటికీ మూసేయమంటారు. నేను మాత్రం చేస్తున్న పని ఆపి, గరిట చేత్తో పట్టుకునే కిటికీ దగ్గర కాసేపు నిలబడతాను. నాకది సుగుణమ్మగారి వాసన. ఒక మనిషి జ్ఞాపకానికి మల్లెపూలో గంధమో గుర్తుగా ఉండాలి గానీ గోనెసంచి ఏమిటమ్మా అని మా అమ్మాయి నవ్వుతుంది. సుగుణమ్మగారిని ఎరిగి ఉంటే ఆ మాట అనేది కాదు. ఆవిడ ఎవరికైనా ప్రేమ చూపించాలనుకుంటే ముందు ఏదో ఒక బరువైన, తడిసిన, మురికి పని మొదలుపెట్టేవారు.

తొంభైల చివర్లో మావారికి దుండిగల్ వైపు ఒక కంపెనీలో ఉద్యోగమైంది. భీమవరం దగ్గరి మా పల్లె నుంచి, కాలవగట్లూ వరిచేలూ వదిలి వచ్చి, మేడ్చల్‌లో బస్ డిపో వెనక వీధిలో ఒక మేడ మీది రెండు గదుల వాటాలో దిగాం. కింద ఇంటివాళ్లు. ఇంటాయనను ఊరంతా పటేల్ అనే పిలిచేది. శామీర్‌పేట వెళ్లే దారిలో వాళ్లకు ద్రాక్షతోట ఉండేది. అప్పటికే ఆ చుట్టుపక్కల తోటలు ఒక్కొక్కటే ప్లాట్లు అయిపోతున్నాయి. అందుకని పటేల్‌గారి వసారాలో భూముల బ్రోకర్లు, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలతో, పొద్దస్తమానం కూర్చుని ఉండేవారు. ఆ ఇంట్లో మాట చెల్లేది మాత్రం ఆయన భార్య సుగుణమ్మగారిది. యాభై దాటిన మనిషి, నిండైన విగ్రహం, నుదుటన ఇంత బొట్టు. మెట్లెక్కడం ఆవిడకు ఇష్టం ఉండేది కాదు. ఏం కావాలన్నా కింద నుంచే పిలిచేవారు. ఆ పిలుపుకు మేడ మీద నేనూ, పెరట్లో ఆవిడ కోడళ్లూ, ఒక్కోసారి రోడ్డు మీద పోయే ఆటో కూడా ఆగేది.

మేం వచ్చిన కొన్ని నెలలకు ఆవిడ ఒకసారి పనిగట్టుకుని పైకి వచ్చారు. గోడ పక్కన వరసగా పేర్చి, తాళ్లు కూడా విప్పని మా అట్టపెట్టెలను చూసి, ఇంకా సామాను సర్దుకోలేదేమని అడిగారు. ఎన్నాళ్లు ఉంటామో తెలియదు కదండీ పిన్నిగారూ అన్నాను. అది నిజమే. ఆ రోజుల్లో నా మాటల్లో సగం 'మా ఊళ్లో అయితే' అని మొదలయ్యేవి. మా ఊళ్లో అయితే నీళ్లు తియ్యగా ఉంటాయి, మా ఊళ్లో అయితే పెరుగు ఇలా పులవదు, మా ఊళ్లో అయితే సాయంత్రానికి గాలి తిరుగుతుంది. విని విని మావారు చెవులు మూసుకోవడం నేర్చుకున్నారు. సుగుణమ్మగారు మాత్రం ఒక పెట్టె మీద నిండుగా కూర్చుని, టీ తాగి, అందులో అల్లం వేయలేదని చెప్పి, పోతూ పోతూ, "పిన్నిగారు ఏంది బిడ్డా, ఆఫీసుల పిల్సినట్టు. పెద్దమ్మ అను" అన్నారు. నాకు నోరు తిరగలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం గారు పెట్టకుండా పిలవలేకపోయాను.

మా ఇంట్లోకి చేపలు వచ్చింది రెండో చలికాలంలో. మావారి స్నేహితుడొకాయన పూణే వెళ్లిపోతూ తన అక్వేరియం మాకు ఇచ్చాడు. చిన్నదే, అప్పటి టీవీ పెట్టె అంత ఉంటుంది. అడుగున రంగురాళ్లు, మూలన బుడగలు వదిలే చిన్న మోటారు, పైన ట్యూబులైటు ఉన్న మూత. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. రెండు నారింజ రంగువి, ఒకటి తెలుపూ ఎరుపూ కలిసినది, ఇంకొకటి కళ్లు పైకి పొంగిన నల్లటిది. చేపల చెరువుల మధ్య పుట్టి పెరిగిన దాన్ని, పులుసులో తప్ప చేప ముఖం కేసి తేరిపార చూసింది లేదు. ఇవి అద్దం దగ్గరికి వచ్చి నన్ను చూసేవి. నేను కుర్చీ జరిపితే అటు వచ్చేవి. మావారు ఆఫీసుకు వెళ్లాక ఆ ఇంట్లో నా మాట వినే ప్రాణులు అవే. పది రోజుల్లోపే వాటితో పూర్తిగా మాట్లాడేయడం మొదలుపెట్టాను. నా మాటలు కిందికి వినిపించాయేమో, సుగుణమ్మగారు మళ్లీ మెట్లెక్కి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పెట్టెను చాలాసేపు చూశారు.

"మీ దిక్కు చేపలు మస్తు తింటరంట గదా. పెంచుకొని సూస్కుంట గూడ కూసుంటరా?" అని అడిగారు. నవ్వులాటకో నిజంగానో నాకు తెలియలేదు. ఆ నల్లదాని పొంగిన కళ్లు చూసి మాత్రం, అచ్చం మా పటేల్ లెక్కనే ఉన్నదన్నారు. అప్పటి నుంచి దాని పేరు పటేల్ అయింది. ఆ సంగతి అసలు పటేల్‌గారికి ఎవరూ చెప్పలేదు.

శివరాత్రి దాటింది. మేడ మీది వాటా ఎండాకాలంలో ఎలా ఉంటుందో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. స్లాబు పగలంతా వేడి తాగి సాయంత్రం కక్కేది. ఫ్యాను తిప్పితే వేడిగాలి నెత్తిన కుమ్మరించినట్టు ఉండేది. దానికి తోడు పగటిపూట కరెంటు కోత. కోత మొదలవగానే బుడగల మోటారు ఆగిపోయేది. నీళ్లు గోరువెచ్చగా అయ్యేవి. నాలుగు చేపలూ పైకి తేలి, నోళ్లు బయటపెట్టి, గుటకలు వేస్తూ ఉండేవి. వేడినీళ్లలో వాటికి ఊపిరి ఆడదని అప్పుడు నాకు తెలియదు, ఆకలేమో అనుకుని ఇంకాస్త మేత వేసేదాన్ని. ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి, నారింజ రంగు వాటిల్లో ఒకటి పక్కకు ఒరిగి తేలుతోంది.

ఆ సాయంత్రం నేను చేసిన గొడవ తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు. చచ్చిన చేపను కొబ్బరిచిప్పలో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. మావారు ఆఫీసు నుంచి రాగానే చెప్పేశాను: మిగిలిన మూడూ వానలు పడేదాకా బతికితే సరే. లేదంటే రాజమండ్రి ఆఫీసుకు బదిలీ పెట్టుకోండి. ఒక్క చేప బతకని చోట నేను బతకలేను. అది చేపల మాట కాదని ఆయనకూ తెలుసు. ఆయన టిఫిన్ డబ్బా కింద పెట్టి, సరే, వానలదాకా ఆగు, అప్పటికీ నీకు ఉండాలనిపించకపోతే రాసి ఇస్తాను అన్నారు. నిజంగానే అన్నారు. మా సంసారం మేడ్చల్‌లో ఉండాలా గోదావరి ఒడ్డుకు పోవాలా అన్నది ఆ సాయంత్రం మూడు చేపల మీద పెట్టేశాం.

మాకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ మాటలన్నీ మెట్ల మీద నిలబడి సుగుణమ్మగారు విన్నారు. తోట నుంచి వచ్చిన ద్రాక్షగుత్తులు గిన్నెలో తెస్తూ మధ్యలో ఆగిపోయారట. గిన్నె మెట్టు మీదే పెట్టేసి లోపలికి వచ్చారు. ముఖం ఎర్రగా ఉంది. నా ఏడుపు చూసి జాలిపడతారనుకున్నాను.

"మా ఊరి ఎండకు చేపలు సచ్చినయని మీ ఊరికి పోయి చెప్పుకుంటవా?" అన్నారు. "గదెట్ల సస్తయో నేను గూడ సూస్త. వాన పడేదాక నీ చేపలకు ఏం గాదు. నాది పూచీ."

మర్నాడు పొద్దున్నే యుద్ధం మొదలైంది. ముందు అక్వేరియాన్ని కిటికీ పక్క నుంచి తీయించి, రెండు గదుల మధ్య చీకటి మూలకు మార్పించారు. దాని చుట్టూ మూడు వైపులా తోట నుంచి తెచ్చిన గోనెపట్టాలు కట్టి, వాటి మీద గంటకోసారి నీళ్లు చల్లమన్నారు. మూత మీది లైటు వేస్తే చేతులు విరుస్తానన్నారు. అసలు మూతే వద్దని తీసేసి, ద్రాక్షలకు పిట్టలు పడకుండా కప్పే వల ముక్క ఒకటి దాని మీద పరిచారు. తర్వాత మా నెత్తిమీది స్లాబుకు సున్నం కొట్టించారు. తర్వాత కింద హాల్లో పటేల్‌గారు మధ్యాహ్నం పడుకునే చోటున్న కూలరు, చక్రాలతో సహా, మెట్లెక్కి మా ఇంటికి వచ్చేసింది. మోసుకొచ్చింది వసారాలోని ఇద్దరు బ్రోకర్లు. పటేల్‌గారు కింద నుంచి గట్టిగా ఏదో అన్నారు. ఆవిడ ఇంకా గట్టిగా ఏదో అన్నారు. అంతటితో ఆ కూలరు ఆ ఏడాదికి చేపలదైపోయింది.

ఇన్ని చేసినా కరెంటు పోతే అన్నీ బందే. చేపలు మళ్లీ పైకి తేలి నోళ్లు తెరిచేవి. దానికి మందు అనుకోకుండా దొరికింది. ఒకరోజు ఆవిడ విసుగొచ్చి, చెంబుతో ఆ నీళ్లే ముంచి, టీ చల్లార్చినట్టు పైనుంచి ధారగా మళ్లీ అందులోనే పోయడం మొదలుపెట్టారు. కాసేపటికి చేపలు గుటకలు మానేసి కిందికి దిగాయి. ధారతో పాటు గాలి కూడా నీళ్లలోకి పోతోందన్నమాట. ఇక చూడాలి. కరెంటు పోగానే ఒక మనిషి చెంబుతో కూర్చోవాలి, వచ్చేదాకా పోస్తూ ఉండాలి. నేనూ ఆవిడా కోడళ్లూ వంతులు వేసుకున్నాం. అది చాలక, ప్లాట్ల బేరానికి వచ్చినవాళ్లను కూడా ఆవిడ పైకి తోలేవారు. పటేల్‌తో మాట్లాడాలంటే ముందు పైకి పోయి చేపలకు నీళ్లు పోసి రమ్మనేవారు. బంగారు ఉంగరాల చేత్తో చెంబు పట్టుకుని, తెల్లచొక్కా తడవకుండా ఒళ్లు వెనక్కి వంచి, ఎకరాల మీద బేరాలాడే పెద్దమనుషులు మా మూలన నీళ్లు పోస్తూ కూర్చునేవారు. ఒకాయన రెండోసారి వచ్చినప్పుడు తనంతట తానే, పటేల్ ఎట్లున్నడని అడిగాడు. కింద ఉన్నారు కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, నల్ల పటేల్ అన్నాడు.

నేను అంతగా నవ్వి ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఇంటి మెట్లు నేను రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కే లేదు. కోడళ్ల పిల్లల పేర్లన్నీ నోటికి వచ్చేశాయి. ఎవరింట్లో నీళ్లు చల్లబడే పెద్ద మట్టి రంజన్ ఉంది, ఎవరి బోరు చల్లగా వస్తుంది, ఏ గల్లీలో కరెంటు ముందు వస్తుంది, ఇవన్నీ నేను ఇతరులకు చెప్పే స్థితికి వచ్చాను. అక్కడి నీళ్ల గురించి ఫిర్యాదు చేయడానికి తీరిక లేకపోయింది.

మే నెల రాకముందు ఒక పొద్దున ఆవిడ నన్ను తోటకు తీసుకుపోయారు. ఇంటి బోరునీళ్లు నల్లాలోంచి వస్తూనే వేడిగా ఉంటున్నాయని, తోటలో బావినీళ్లు తెచ్చి రంజన్లో నిలవచేసి కొంచెం కొంచెంగా కలుపుదామని ఆవిడ ఆలోచన. ట్రాలీ ఆటోలో ఖాళీ క్యాన్లు వేసుకుని, వాటి మధ్యే ఇద్దరం కూర్చుని శామీర్‌పేట దారిలో వెళ్లాం. ద్రాక్ష కోత అయిపోవచ్చింది. పందిళ్ల కింద అడుగుపెట్టగానే ఎండ మాయమైంది. పక్కనే పాకలో కోసిన గుత్తులు వాడకుండా చుట్టూ తడి గోనెలు వేలాడదీసి ఉన్నాయి. మా చేపలకు చేసిందంతా ఆవిడ ఇక్కడి నుంచి ఎత్తుకొచ్చిందేనని అప్పుడు అర్థమైంది. ఆవిడకు చేపల గురించి ఏమీ తెలియదు. ద్రాక్షల గురించి తెలుసు. దాన్నే చేపలకు తొడిగేశారు.

బావి మెట్ల మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాం. ఆవిడ తన గురించి చెప్పింది ఆ ఒక్కరోజే. ఆవిడది సిద్దిపేట వైపట. పెళ్లయి వచ్చినప్పుడు ఇక్కడ రాళ్లు తప్ప ఏమీ లేదని, దినాం ఏడ్చేదాన్నని, పుట్టింటికి పోయి రెండు నెలలు తిరిగి రాలేదని చెప్పారు. ఇప్పుడు నన్ను చూస్తుంటే తనను తాను చూసుకున్నట్టే ఉందన్నారు. మరి ఎలా అలవాటైందని అడిగాను.

"అలవాటేం గాలే. మా మామ గీడ తోట పెడ్తనంటె, మొదటి కొమ్మ నాతోని పెట్టిచ్చిండు. అది బతుకుతదా సస్తదా అని దినాం వచ్చి సూస్కుంటుంటి. గట్ల సూసుకుంటనే ఉన్న, ఇగ మా ఊరు యాదికి రాలే" అన్నారు. తోటను కూడా ప్లాట్లకు ఇచ్చేద్దామని పటేల్‌గారు అంటున్నారని నాకు తెలుసు. ఆ మాట ఎత్తాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే ఆవిడే అన్నారు, ఇయ్యనీ, సూసుకునేటందుకు ఇంకోటి దొరుకుతది అని. అని, లేచి నా నెత్తిన ఒక దోసెడు నీళ్లు పోశారు. నేను రెండు దోసిళ్లు పోశాను. ట్రాలీ నడిపే అతను మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు.

అసలు ప్రమాదం మే మధ్యలో వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఆ రోజంతా కరెంటు లేదు. నేను బ్యాంకు పని మీద సికింద్రాబాద్ పోవాల్సి వచ్చి చేపలను ఆవిడకు అప్పగించాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే, గెలిచిన మనిషిలా కూర్చుని ఉన్నారు. ఐసు కార్ఖానా నుంచి ఊక అంటించిన ఐసు దిమ్మ తెప్పించి, కడిగి, ముక్కలు చేసి, అక్వేరియంలో వేసేశారట. నేను లోపలికి పరుగెత్తి చూశాను. అద్దం మీద చెమట పట్టింది. చేపలు మూడూ అడుగున రాళ్లకు ఆనుకుని కదలకుండా ఉన్నాయి. సల్లగ పండుకున్నయి పాపం అన్నారు ఆవిడ, నా భుజం మీద నుంచి చూస్తూ.

ఐసు కరిగింది, సాయంత్రానికి కరెంటూ వచ్చింది, చేపలూ కదిలాయి. గండం గడిచిందనుకున్నాం. కానీ మూడు నాలుగు రోజులకు నల్ల పటేల్ ఒంటి మీద తెల్లటి చుక్కలు లేచాయి. ఉప్పు చల్లినట్టు ఒళ్లంతా. తర్వాత మిగతా రెండింటికీ లేచాయి. చేపలు రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటున్నాయి. సుగుణమ్మగారిని పిలిచాను. ఆవిడ ఒక్కసారి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు గుమ్మం అవతల విడిచి వచ్చి, చేతులు జోడించారు.

"తల్లి వచ్చింది" అన్నారు.

ఎండాకాలంలో పిల్లలకు ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందంటారు కదా, చేపలకు కూడా అదే వచ్చిందని ఆవిడ నిర్ణయం. ఆ ఇంట్లో అమ్మవారు పోస్తే ఏమేం చేయాలో అన్నీ తు.చ. తప్పకుండా జరిగాయి. అక్వేరియం బల్ల నాలుగు కాళ్లకూ వేపమండలు కట్టారు. అద్దానికి పసుపు బొట్లు పెట్టారు. వేపాకూ పసుపూ నూరి చేపల ఒంటికి పట్టిద్దామన్నారు గానీ, నేను కాళ్లావేళ్లా పడి ఆ ఒక్కటీ మాన్పించాను. బయటివాళ్లు పైకి రాకూడదన్నారు, దాంతో బ్రోకర్లకు చెంబు పని తప్పింది. ఇంట్లో పోపు పెట్టకూడదు, వేపుళ్లు చేయకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. చేపలకు అమ్మవారు పోసిన పుణ్యానికి మావారు రెండు పూటలా పెరుగన్నమూ ఉడికించిన పప్పూ తిన్నారు. కింద పటేల్‌గారికీ అదే గతి. తల్లి సల్లవడితే పోచమ్మ గుడి ముందు బెల్లంనీళ్ల శాక పోస్తానని ఆవిడ మొక్కుకున్నారు.

మావారు మూడో రోజు పెరుగన్నం తట్టుకోలేకో ఏమో, సికింద్రాబాద్‌లో చేపలమ్మే దుకాణానికి పోయి అడిగి వచ్చారు. అది చేపలకు వచ్చే ఒక జబ్బని, నీళ్లు ఒక్కసారిగా చల్లబడితే పట్టుకుంటుందని, వేడి కంటే ఆ కుదుపే చేపలకు చేటని అతను చెప్పాడట. ఇక ఐసు వేయకుండా, నీళ్ల వేడి ఒకేలా ఉంచి, రాళ్ల ఉప్పు కలపమన్నాడట. ఇదంతా మావారు మామూలుగా చెప్పుకుపోతున్నారు. సుగుణమ్మగారు అక్కడే ఉన్నారన్నది నేను కళ్లతో చెప్పేలోపే ఐసు మాట వచ్చేసింది.

గోనెపట్టా పిండుతున్న ఆవిడ చేతులు ఆగిపోయాయి. అంత మనిషీ గోడకు ఆనుకుని కింద కూర్చున్నారు. తన చేత్తోనే వాటిని చంపేటట్టున్నానని, ఇగ నువ్వు ఉండవు గదా అని, నన్ను చూడకుండా నేలకేసి చూస్తూ అన్నారు. కళ్లు తుడుచుకున్నారు కూడా. మూడు చేపల మీద నేను పెట్టిన పందెం ఆ క్షణం దాకా నాదేననుకున్నాను. ఓడిపోతే నాకంటే ఎక్కువ పోగొట్టుకునే మనిషి ఇంకొకరు ఉన్నారని అప్పుడే తెలిసింది. వెళ్లి పక్కనే కూలబడ్డాను. ఆ తడి చేతులు పట్టుకున్నాను.

"ఏడవకు పెద్దమ్మా. మన చేపలకేం కాదు" అన్నాను.

పెద్దమ్మా అన్నదీ, మన అన్నదీ నేను అనుకుని అన్నవి కావు. ఆవిడ ముక్కు చీది, కాసేపు నన్ను చూసి, లేచి కిందికి పోయి రాళ్ల ఉప్పు డబ్బా తెచ్చారు. ఆ ఉప్పు నేరుగా నీళ్లలో కలపనివ్వలేదు. ముందు గుప్పిట పట్టి అక్వేరియం చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీశారు, ఆ తర్వాతే నా చేతిలో పోశారు. దుకాణం వాడి మందూ ఆవిడ దిష్టీ ఒకే గుప్పిట్లోంచి నీళ్లలో పడ్డాయి. ఏది పనిచేసిందని ఆ తర్వాత ఎప్పుడూ మేం వాదించుకోలేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. జనం రాకపోకలు ఆపి, గొడవ లేకుండా, ఐసు ఊసెత్తకుండా చేపలను వాటి మానాన వదిలేయమన్న ఆ అమ్మవారి మర్యాదలు వాటికి మేలే చేశాయి. వారం పైన కొద్ది రోజులకు చుక్కలు రాలిపోయాయి. నల్ల పటేల్ మళ్లీ అద్దం దగ్గరికి వచ్చి కళ్లు మిటకరించాడు. పోచమ్మ గుడికి ఇద్దరం బెల్లంనీళ్ల చెంబులతో నడిచి వెళ్లాం. దారిలో అడిగిన ప్రతివాళ్లకూ ఆవిడ, మా చేపలకు తల్లి సల్లవడ్డదని చెబుతూ నడిచారు. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ అయితే, ఇప్పుడు తింటున్నాయా అని కూడా అడిగింది.

జూన్ మొదటి వారంలో మిరుగు వచ్చింది. మృగశిర కార్తె మొదలయ్యే రోజును అక్కడ మిరుగు అంటారు. ఆ రోజు ఎంతటివాళ్లయినా చేప తినాల్సిందే, తింటే వానాకాలానికి ఒంట్లో వేడి నిలుస్తుందని నమ్మకం. పొద్దున్నుంచీ బజారంతా చేపలే. మధ్యాహ్నానికి ఉరిమింది. నాలుగు చినుకులు పడి, ఆగి, తర్వాత ఆకాశం ఒక్కసారిగా దిగింది. సున్నం కొట్టిన మా స్లాబు ఆవిర్లు కక్కింది. నేను డాబా మీద తడుస్తూ నిలబడ్డాను. కింద కోడళ్లూ పిల్లలూ వాకిట్లో గంతులు వేస్తున్నారు. మూడు చేపలూ వానదాకా బతికాయి.

అప్పుడు సుగుణమ్మగారు మెట్లెక్కి వచ్చారు, చేతిలో మూత పెట్టిన గిన్నె. శామీర్‌పేట చెరువు చేపట, పొద్దున్నే పటేల్‌గారు స్వయంగా పోయి తెచ్చారట. చింతపులుసు వాసన ఇల్లంతా కమ్ముకుంది. భీమవరం పిల్లను, నాలుగు నెలలుగా పులుసు ముఖం చూడనిదాన్ని, కంచం తెచ్చుకుని కూర్చున్నాను. ఆవిడ వడ్డించబోయి ఆగారు. అక్వేరియం కేసి చూశారు. మూడు చేపలూ అద్దానికి ముఖాలు ఆనించి మమ్మల్నే చూస్తున్నాయి. ఆవిడ గిన్నె కింద పెట్టి లేచి, మంచం మీది దుప్పటి తీసుకుపోయి, అక్వేరియం నిండా కప్పేశారు.

"ఆటికెందుకు పరేషాన్" అన్నారు. "ఇగ తిను."

నేను నవ్వుతూ తిన్నాను. ఏడుస్తూ కూడా తిన్నాను, పులుసులో కారం వల్ల అని చెప్పాను. రెండోసారి అన్నం పెట్టుకుంటుంటే ఆవిడ నా వైపు చూడకుండా, గిన్నె అడుగు గరిటతో గీస్తూ, మరి రాజమండ్రి సంగతేమైందని అడిగారు. రాజమండ్రిలో ఏముంది పెద్దమ్మా అన్నాను. మంచిగన్నవ్ అని, నా కంచంలో ఇంకో ముక్క వేశారు.

ఆ చేపలు ఆ తర్వాత కూడా చాలా ఎండాకాలాలు చూశాయి. ద్రాక్షతోట మాత్రం రెండువేల సంవత్సరం దాటాక ప్లాట్లు అయింది. సుగుణమ్మగారు అన్న మాట ప్రకారం ఇంకోటి వెతుక్కున్నారు. డాబా మీద కుండీల్లో మల్లెతీగలు, ఆ తర్వాత మా అమ్మాయి. మేం కండ్లకోయ దగ్గర ఇల్లు కట్టుకున్నాక కూడా ఆదివారాలు ఆవిడ దగ్గరే గడిచేవి. పోయిన ఏడాది చలికాలంలో, పెద్దగా ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, నిద్రలోనే వెళ్లిపోయారు. ఆవిడ నాకు చేపలు పెంచడం నేర్పలేదు, ఆ విషయంలో ఇద్దరిదీ ఒకటే అజ్ఞానం. దేన్నయినా రోజూ వచ్చి చూసుకోవడం నేర్పారు. ఆ తర్వాత నేను చేరిన ఉద్యోగంలోనూ ఇంట్లోనూ నేను నిలబెట్టగలిగినవన్నీ అలా చూసుకుంటూ ఉండటం వల్ల నిలిచినవే.

ఈ మధ్య భీమవరంలో మా చుట్టాలింట పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర మా దూరపు పిన్ని ఒకావిడ విసనకర్ర ఊపుకుంటూ, ఆ హైదరాబాదు వైపు ఎండల్లో మనుషులు ఎలా ఉంటారే, చేపలైనా బతకవటగా అంది. ఆవిడ మామూలుగానే అంది, ఎప్పుడో నేనే చెప్పి ఉంటాను. నాకు మాత్రం చెంపలు వేడెక్కాయి. "మా ఎండకు ఏమైంది? చెయ్యి పెట్టి చూసుకునేటోళ్లు ఉంటే అన్నీ బతుకుతాయి" అన్నాను. గొంతు కాస్త పెద్దదైనట్టుంది, పంక్తిలో అందరూ తలలెత్తి చూశారు. పక్కన కూర్చున్న పెళ్లికొడుకు తరఫు ఆవిడ ఆసక్తిగా నా వైపు తిరిగి, ఏ ఊరమ్మా మీది అని అడిగింది.

మేడ్చల్ అన్నాను.